ఏడు నిమిషాల దూరం

పొద్దున్నే నేను ఎంత దూరం పరుగెత్తాలో చాలాకాలం నా కాళ్లు నిర్ణయించలేదు, ఆఫీసు ఫోన్ నిర్ణయించింది. ఇంటి గేటు నుంచి ఏడు నిమిషాలు ముందుకు, ఏడు నిమిషాలు వెనక్కి, లిఫ్టుకు ఒక నిమిషం. మొత్తం పదిహేను. పదహారో నిమిషం నాది కాదు.

ఎందుకో తెలియాలంటే ముందు నా పని గురించి చెప్పాలి. ఎక్కడో సముద్రాల అవతల వందల దుకాణాలున్న ఒక కంపెనీ ఉంది. ఆ దుకాణాల్లో బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ ఆగిపోకుండా చూసుకునే జట్టుకు నేను లీడ్‌ని. అది ఆగితే ఫోన్ మోగుతుంది. ఆ వారం ఎవరి వంతయితే వాళ్లు పదిహేను నిమిషాల్లో లాప్‌టాప్ ముందు కూర్చోవాలి. మేం ఆరుగురం, వారానికొకరం చొప్పున వంతులు వేసుకున్నాం. కాకపోతే వంతు ఎవరిదైనా సరే, వాళ్ల ఫోన్‌తో పాటు నా ఫోన్ కూడా మోగేలా పెట్టుకున్నాను. పెట్టుకోమని నన్నెవరూ అడగలేదు. ఆ పదిహేను నిమిషాల నియమం కూడా పైవాళ్లు పెట్టింది కాదు. వాళ్లు అరగంట అన్నారు. అంతసేపెందుకు, పదిహేను చాలు అని మీటింగులో నోరు విప్పింది నేనే. అవతలివాళ్లు చాలా మెచ్చుకున్నారు. ఆ మెప్పు మీద నాలుగేళ్లు బతికాను.

నా తీరే అంత. గ్యాస్ కట్టేశానా లేదా అని మూడుసార్లు చూస్తాను. మా ఆయన చారు పెడితే పక్కన నిలబడి ఉప్పు చూస్తాను. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, ఇప్పటికీ దాని బ్యాగు జిప్పు నేనే లాగుతాను. దీన్ని నేను బాధ్యత అనుకునేదాన్ని.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం కారు నడుపుతూ కొత్తగూడ ఫ్లైఓవర్ ఎక్కాను. సగం దాకా వెళ్లాక ట్రాఫిక్ ఆగింది. రోజూ ఆగేదే. ఆ రోజు మాత్రం వేళ్లు తిమ్మిరెక్కాయి, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది, ఊపిరి సగంలో ఆగిపోయింది. అయిపోయింది, ఇక్కడే పోతున్నాను అనుకున్నాను. ముందు బండ్లు కదిలినా నేను కదలలేదు. వెనక హారన్లు. ఎవరో కిటికీ మీద కొట్టి, "మేడం, నీళ్లు తాగుతరా?" అని సీసా ఇచ్చాడు. మూత తియ్యడం నాకు చేతకాలేదు.

మా ఆయన వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఈసీజీ తీశారు, రక్తం తీశారు, గుండె నిక్షేపంలా ఉందన్నారు. గుండె బాగుందంటే సంతోషించాలి కదా. నాకు ఒళ్లు మండింది. అది గుండె కాకపోతే మరేంటి? పదిహేను రోజులు తిరక్కుండానే మదీనాగూడలో సరుకులు కొని బిల్లు వరసలో నిలబడి ఉండగా మళ్లీ అదే. ట్రాలీ అక్కడే వదిలేసి బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను.

మా ఆయన ప్రభుత్వోద్యోగి. ఏ కాగితమైనా సరైన టేబుల్ మీదికి వెళ్తే తప్ప పని కాదని ఆయన నమ్మకం. "ఇది గుండె డాక్టరు టేబుల్ కాదు. మనం వేరే టేబుల్‌కి పంపించాలి," అన్నారు. మనసు, పిచ్చి లాంటి మాటలేవీ ఆయన నోట రాలేదు. అందుకు నేను ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఆ వేరే టేబుల్ దగ్గర ఉన్నది నా వయసు డాక్టరమ్మ. నాకు వచ్చినవాటిని ప్యానిక్ అటాక్ అంటారంది, ఇవి చంపవని చెప్పింది, ఒక మాత్ర రాసింది, రెండు వారాలకోసారి వచ్చి మాట్లాడమంది. చివర్లో, "రోజూ అరగంట నడవండి. ఒంట్లో ఓపిక ఉంటే మెల్లగా పరుగెత్తండి. ఆ అరగంటా ఫోన్ ఇంట్లో పెట్టేయండి," అంది. బుద్ధిగా తలూపాను. మొదటి రెండు వాక్యాలూ డైరీలో రాసుకున్నాను. మూడోది రాసుకోలేదు.

అలా మొదలైంది పరుగు. మాది కొత్తగూడ జంక్షన్ వెనక సందులో అపార్ట్‌మెంట్. సల్వార్ మీద మా అమ్మాయి పాత టీషర్టు, కాళ్లకు కొత్త బూట్లు, చేతిలో ఫోన్. మొదటి రోజు రెండో కరెంటు స్తంభం దాటలేకపోయాను. నడుం మీద చేతులు పెట్టుకుని ఆయాసపడుతుంటే మా వాచ్‌మన్ పరుగున వచ్చి, "ఏమైందమ్మా, ఎవడన్న ఎంటవడుతున్నడా?" అని అటూ ఇటూ చూశాడు. మూడు వారాలకు ఏడు నిమిషాలు ఆగకుండా పరుగెత్తగలిగాను. ఆ ఏడు నిమిషాలకు సరిగ్గా ఒక ఇస్త్రీ బండి వచ్చేది. అక్కడ ఫోన్ చూసుకుని వెనక్కి తిరిగేదాన్ని.

బండి ఆవిడకు యాభై దాటి ఉంటాయి. వికారాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇరవై ఏళ్లుగా ఉంటోందట. నేను వెళ్లే వేళకు ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు వేసి అట్టముక్కతో విసురుతూ ఉండేది. వారం రోజులు ఊరికే చూసి, ఎనిమిదో రోజు అడిగింది.

"ఏందమ్మా, రోజు గీడిదాంక ఉరికొస్తవ్, ఫోన్ జూస్తవ్, మళ్ల ఎన్కకే ఉరుకుతవ్. ఏమన్న పోగొట్టుకున్నవా?"

"ఏం లేదండి. ఎక్సర్‌సైజు."

"మరి ఆ మూల దాటవేంది? అటు దిక్కు తోట గోడ పొంటి చెట్లుంటయ్. సల్లగుంటది."

"టైం లేదండి."

"ఏడికి వోతది టైము," అని మళ్లీ విసరడం మొదలుపెట్టింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఈవిడకేం తెలుసు మా పని అనుకుంటూ ఇంటివైపు పరుగెత్తాను.

పరుగు నాకు మేలు చేయలేదని చెబితే అబద్ధమవుతుంది. నెలన్నరకు రాత్రి మధ్యలో లేవకుండా నిద్రపోవడం మొదలుపెట్టాను. పొద్దున లేచేసరికి పళ్లు బిగించి ఉండటం తగ్గింది. ఇడ్లీ ఇడ్లీలా రుచించింది. ఇంట్లో అరుపులు తగ్గాయి. ఆ సంగతి నాకు తెలియలేదు, మా అమ్మాయి చెప్పింది. మాత్ర పని మాత్ర చేసింది, పరుగు పని పరుగు చేసింది. ఏది ఎంత చేసిందో నేను తేల్చలేను. ఫ్లైఓవర్ మాత్రం ఎక్కలేదు. కింద సిగ్నళ్ల దగ్గర ఆగుతూ, ఆలస్యంగా ఆఫీసుకు వెళ్లినా సరే, కింద నుంచే వెళ్లేదాన్ని.

నాలుగు నెలలకు ఒక విచిత్రం గమనించాను. వేగం పెరిగింది. ఇస్త్రీ బండి ఐదున్నర నిమిషాలకే వచ్చేస్తోంది. అంటే ఏడు నిమిషాల్లో బండి దాటి, ఆవిడ చెప్పిన ఆ మూల దాకా వెళ్లొచ్చు. మూల దగ్గర నిలబడితే అటువైపు బొటానికల్ గార్డెన్ గోడ, దాని మీదికి వంగిన చెట్లు కనిపించేవి. అక్కడి నుంచి వెనక్కి. ఎంత వేగంగా పరుగెత్తితే అంత ఎక్కువ దూరం నాది అనుకుని మురిసిపోయాను. పలుపుతాడు బారెడు పెరిగినందుకు సంబరపడే గేదెలా ఉండేదాన్ని. అప్పట్లో ఎవరైనా ఆ మాట అని ఉంటే వాళ్లతో మాట్లాడటం మానేసేదాన్ని.

ఆరో నెలలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు నా చేతి గడియారం లెక్కలు ఫోన్‌లో తెరిచి చూపించాను. గుండె వేగం గీతలు గీసి చూపిస్తుంది అది. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ కళ్లజోడు పైకి నెట్టి చాలాసేపు చూసింది.

"వెళ్లేటప్పుడు గీత కింద ఉంది. వచ్చేటప్పుడు బాగా పైకి పోయింది. రోజూ అంతే ఉంది. ఎందుకంటారు?"

"వచ్చేటప్పుడు ఎత్తు కదండీ," అన్నాను.

"మీ ఇల్లు ఎత్తు మీదుందా?"

మా ఇల్లు పల్లంలో ఉంది. వర్షం పడితే సెల్లార్లోకి నీళ్లొస్తాయి. వచ్చేదారంతా దిగుడే.

అప్పుడు అన్నీ చెప్పాల్సొచ్చింది. ఫోన్, పదిహేను నిమిషాలు, ఏడు ముందుకు, ఏడు వెనక్కి. వెనక్కి తిరిగిన క్షణం నుంచి ఇప్పుడు మోగుతుందేమో, ఇప్పుడు మోగుతుందేమో అనుకుంటూ వస్తానని. మోగకపోయినా అరచేతిలో మోగినట్టు ఉంటుందని. ఆవిడ కోప్పడలేదు. "మీరు ఏడు నిమిషాలు పరుగెత్తి, ఏడు నిమిషాలు డ్యూటీ చేస్తున్నారు," అంది. "ఆ ఫోన్ ఎవరికీ ఇవ్వలేరా?"

"నేను లేకపోతే ఆగిపోతుందండి," అన్నాను.

"ఎప్పుడైనా ఆపి చూశారా?"

చూడలేదు. మర్నాడు ఆఫీసు క్యాంటీన్‌లో మా జట్టులో నా తర్వాతివాణ్ని కూర్చోబెట్టాను. హనుమకొండ కుర్రాడు, కుర్రాడంటే ముప్పై నాలుగేళ్లు, ఇద్దరు పిల్లలు. నా నంబరు ఆ జాబితాలోంచి తీసేస్తే మీరు చూసుకోగలరా అని అడిగాను. అతను టీ కప్పు తిప్పుతూ కూర్చున్నాడు.

"చెప్పవయ్యా."

"మీరు ఏమనుకోవద్దు మేడం."

"అనుకోను."

"మీరు లైన్‌లోకి వచ్చేటాల్లకు మేం సగం పని చేసేసుంటం. మీరొచ్చినంక ఏమైంది, ఎట్లయింది అని మీకు చెప్పాలె. గదానికే టైం పడ్తది. మీరు పరేషానైతరని ఎవ్వలం చెప్పలే."

ఏమీ అనుకోనని మాటిచ్చాను కాబట్టి నవ్వాను. తర్వాత రెండు రోజులు అతనితో ముభావంగా ఉన్నాను. అతని మాట తప్పని రుజువు చేద్దామని పాత రిపోర్టులన్నీ తీశాను. ఏ నిమిషానికి ఎవరు ఏం చేశారో అందులో ఉంటుంది. అలా వివరంగా రాయాలని పట్టుబట్టింది కూడా నేనే. ప్రతిసారీ అదే వరస. నేను చేరేసరికి తప్పెక్కడుందో వాళ్లు పట్టేసి ఉన్నారు. నేను చేరగానే ప్రశ్నలు అడిగాను. వాళ్లు పని ఆపి జవాబులు చెప్పారు. తర్వాత సరిచేశారు. నా రిపోర్టుల్లో నేనే దొరికిపోయాను.

తల తీసేసినట్టయింది. అవమానం మొదటిరోజే తెలిసింది. దాని కింద ఇంకొకటుంది, దాన్ని పోల్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. అది దుఃఖం. నేను లేకపోయినా ఆ దుకాణాలు నడిచేవే అయితే, మరి ఆ ఫ్లైఓవర్ మీద నేను దేనికోసం చచ్చిపోయాను? స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను. బయటికొచ్చాక మా ఆయన కాఫీ ఇచ్చారు. చక్కెర ఎక్కువైంది. ఏమీ అనకుండా తాగాను.

ఆ వారం మీటింగులో పదిహేను నిమిషాలను మళ్లీ అరగంట చేద్దామన్నాను. అవతలివాళ్లు ఒప్పుకుని తర్వాతి విషయంలోకి వెళ్లిపోయారు. నాలుగేళ్ల కిందట మెచ్చుకున్నవాళ్లే. ఒక్కరూ ఎందుకని అడగలేదు. నా నంబరు జాబితాలోంచి నేనే తీసేశాను. నా వంతు వారం తప్ప మిగతా ఐదు వారాలు నా ఫోన్ మోగదు.

మోగదని తెలిసినా దాన్ని ఇంట్లో వదిలి గడప దాటడానికి ఇంకో వారం పట్టింది. ఒక పొద్దున గడియారం విప్పేసి, ఫోన్‌ను మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని డైనింగ్ టేబుల్ మీద పెట్టి, పక్కన కూర్చుని పేపర్ తెరిచారు.

"మోగితే నేనేం చెయ్యాలి?" అన్నారు.

"ఏమీ చెయ్యొద్దండి."

"అది నాకు బాగా వచ్చు. నువ్వు వెళ్లు."

చేతిలో ఏమీ లేకుండా పరుగెత్తడం ఎంత ఇబ్బందో అప్పుడు తెలిసింది. ఫోన్ లేకపోయినా వేళ్లు ముడుచుకునే ఉన్నాయి. ఇస్త్రీ ఆవిడ తలెత్తి చూసింది, నేను చెయ్యి ఊపి దాటేశాను. మూల వచ్చింది. నా ప్రమేయం లేకుండానే కాళ్లు వెనక్కి తిరిగాయి. ఒక్క నిమిషం అక్కడే నిలబడ్డాను. తర్వాత గోడ వెంట ముందుకెళ్లాను.

కొత్తగూడలో ఉంటున్నది పదకొండేళ్లుగా. కారులో వందలసార్లు వెళ్లిన దారి. కాళ్ల మీద ఎప్పుడూ వెళ్లలేదు. లోపల నెమలి కూస్తోంది, కనిపించలేదు. ఆవిడ అన్నట్టే చల్లగా ఉంది. ఇంట్లోంచి వచ్చి పావుగంట దాటి ఉంటుంది అనుకున్నాను. అనుకున్న మరుక్షణం వేళ్లు తిమ్మిరెక్కాయి.

ఆ రాకడ నాకు కొత్త కాదు. ముందు వేళ్లు, తర్వాత ఛాతీ, తర్వాత ఊపిరి. ఫోన్ లేదు, మా ఆయనకు చెప్పే దారి లేదు, రోడ్డు మీద తెలిసిన మొహం లేదు. ఇంటివైపు పరుగెత్తమని ఒళ్లంతా మొత్తుకుంటోంది. వచ్చినప్పుడు పారిపోవద్దు, కూర్చోండి, వచ్చి దాని దారిన అది పోతుంది అని డాక్టరమ్మ ఎన్నోసార్లు చెప్పింది. ఫుట్‌పాత్ అంచు మీద కూర్చున్నాను. ఎదురుగా ఆగి ఉన్న ఆటో వెనక రాసినవన్నీ చదివాను, మళ్లీ మొదటి నుంచి చదివాను. అది పాలు పొంగినట్టు పైకి పైకి వచ్చింది. ఇంకా వస్తుందనుకున్నాను. రాలేదు. ఎంతసేపో తెలియదు, మెల్లగా కిందికి దిగింది. చెమటతో టీషర్టు తడిసిపోయింది. నేను చావలేదు.

లేచి ఇంటివైపు తిరగలేదు. గోడ చివరిదాకా నడిచాను. అక్కడ చెయ్యి గోడకు ఆనించి, అప్పుడు వెనక్కి తిరిగాను. పరుగెత్తాలనిపించలేదు, నడుచుకుంటూనే వచ్చాను.

మూల దగ్గరికి వచ్చేసరికి ఇస్త్రీ ఆవిడ అక్కడ నిలబడి ఉంది. కొంగు నడుముకు దోపుకుని, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నావైపే చూస్తోంది. వెనక దూరంగా బండి మీద ఎవరిదో చొక్కా సగం ఇస్త్రీ అయి పరిచి ఉంది.

"ఏడవోయినవమ్మా?" అంది నేను దగ్గరికి రాకముందే. "రోజు గీ పాటికి మళ్లుతవ్. ఇయ్యాల ఉరుకుడు ఉరుకుడే వోయినవ్, మళ్ల రాలె. చేతుల ఫోన్ గూడ లేకపాయె. రెండుసార్లొచ్చి జూసిన. పెట్టె మొత్తం సల్లారింది."

"ఆ చెట్ల దాకా వెళ్లానండి."

"మంచిగున్నదా?"

చల్లగా ఉందండి అన్నాను. ఆరు నెలలుగా రోజుకు రెండుసార్లు ఆవిడ ముందు నుంచి పరుగెత్తాను. ఆవిడ పలకరించిన ఆ ఒక్క రోజు తప్ప నిలబడి మాట్లాడింది లేదు. ఆగిపోతే కనిపెట్టి చెప్పే యంత్రాలను దుకాణాలకు పెట్టాను. నేను ఆగిపోతే ఎవరికి తెలుస్తుందని ఏనాడూ అనుకోలేదు. రోడ్డు మీదే ఏడ్చాను. ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది, చేతికి బొగ్గు మసి.

"ఇగ ఊకో. రేపట్నుంచి లేటయితదంటే పొయ్యేటప్పుడే చెప్పి పో. నేను గిట్ల ఫికరు వెట్టుకుని మూల మూలకు తిరుగుడుండది."

ఇంటికొచ్చేసరికి మా ఆయన పేపర్ మడిచి, "మోగలేదు," అన్నారు. టీషర్టు భుజం మీద మసి చూశారు.

ఇది జరిగి ఏడాది అయింది. మాత్ర సగానికి తగ్గింది, మానలేదు. ఫ్లైఓవర్ ఎక్కుతున్నాను, ఎడమ పక్కనే, మెల్లగా. నా వంతు వారం వచ్చినప్పుడు పొద్దున పరుగెత్తను, మేడ మీద నడుస్తాను. మిగతా రోజుల్లో ఫోన్ ఇంట్లో ఉంటుంది. ఇస్త్రీ బండి దగ్గర ఒక్క క్షణం ఆగి, "ముప్పావుగంటండి," అని చెబుతాను. ఆవిడ తలెత్తకుండా బొగ్గులు విసురుతూ, "మంచిది, పోయిరా," అంటుంది.